కళ్లు మూసుకుని తిట్టుకున్న రోజులు

ముప్పై ఒక్క సంవత్సరాలు నేను పరాయి ఇళ్లలో చాప మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. నా ఉద్యోగం అదే. మా సంఘంలో నన్ను బైబిలమ్మ అనేవాళ్లు. ఆదివారం పాస్టరుగారు ప్రసంగం చేస్తే, మిగతా రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి, జబ్బుపడ్డవాళ్లనూ గొడవపడ్డవాళ్లనూ చర్చికి రావడం మానేసినవాళ్లనూ పలకరించి, ప్రార్థన చేసి రావడం నా పని. ఇప్పుడు ఈ సేవలోకి వచ్చే ఆడపిల్లలకు స్కూటీ ఉంది, ఫోన్లో వాక్యం ఉంది. నాకు ఒక గొడుగు, ఒక సంచి ఉండేవి. ఏర్పేడు నుంచి శ్రీకాళహస్తి దాకా ఉన్న పల్లెల్లో నాకు తెలియని వంటగది లేదు.

ఈ మధ్య కొత్తగా చేరిన ఒకమ్మాయి, ఆంటీ మీ అనుభవాలు చెప్పండి, మాకు ఉపయోగపడతాయి అని అడిగింది. నేను సాధించిన గొప్ప పనులు చెప్పబోవడం లేదు. అవి చర్చి వార్షిక నివేదికల్లో పాస్టరుగారి పేరు మీద భద్రంగా ఉన్నాయి. నేను చెడగొట్టిన పని ఒకటుంది. అది మాత్రం ఏ నివేదికలోనూ లేదు కాబట్టి నేనే చెప్పాలి.

ముందు మా వాళ్ల గురించి ఒక సంగతి తెలియాలి. మా సంఘంలో ఎవరూ చాడీలు చెప్పరు. చాడీ చెప్పడం పాపం. కానీ ప్రార్థన మనవి చెప్పడం పాపం కాదు. ఫలానా వాళ్ల కోడలు అలిగి పుట్టింటికి పోయిందట అంటే అది చాడీ. ఫలానా వాళ్ల కోడలు పుట్టింటి నుంచి తిరిగి వచ్చేలా ప్రార్థన చేద్దాం అంటే అది ప్రేమ. ఈ ప్రేమను ఊరూరా మోసేదాన్ని నేనే. పొద్దున ఏర్పేడులో నా చెవిన పడ్డ మనవి సాయంత్రానికల్లా కాళహస్తిలో నలుగురి నోళ్లలో ఉండేది. చేరవేశానని ఏనాడూ అనుకోలేదు. వాళ్ల తరఫున దేవుడికి విజ్ఞాపన చేస్తున్నానని అనుకున్నాను.

రెండోది ఇంకా ముఖ్యం. ప్రార్థన చేసేటప్పుడు మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. అందరూ కళ్లు మూసుకుని తల వంచుకుని ఉంటారు. చేసే మనిషి ఎంతసేపు చేసినా, ఎవర్ని ఉద్దేశించి ఏమన్నా, చివర్లో ఆమేన్ అనాల్సిందే. ఇంత రక్షణ శాసనసభలో మాట్లాడేవాళ్లకు కూడా లేదు. ముఖం మీద అనలేని మాటను మా వాళ్లు దేవుడికి చెబుతారు, పక్కన కూర్చున్నవాడికి వినబడేంత గట్టిగా.

నా సర్వీసు చివరి సంవత్సరానికి మా సంఘం రెండు ముక్కలయ్యేలా ఉండింది. ముందు బెంచీల్లో పెద్దవాళ్లు, హార్మోనియం, తాతల నాటి పాటల పుస్తకం. వెనక వరసల్లో యువకులు, కీబోర్డు, ఫోన్లలో కొత్త పాటలు. యువకులు ఒక ప్రొజెక్టరు తెచ్చి, గోడ మీద పాట అక్షరాలు వేస్తాం, అందరూ చూసి పాడొచ్చు అన్నారు. దేవుని సన్నిధిలో సినిమా తెర ఏంటని పెద్దలు అడ్డుపడ్డారు. రెండేళ్లు నడిచింది ఈ తగువు. చివరికి యువకులు తేల్చి చెప్పేశారు. ఈస్టరు లోపల తెర పెట్టకపోతే మేం తిరుపతిలో కల్యాణమండపంలో జరిగే ఆరాధనకు పోతాం, అక్కడ ఏసీ కూడా ఉంది అన్నారు. ఏసీ మాట అన్నాక అది వట్టి బెదిరింపు కాదని అందరికీ అర్థమైంది.

పెద్దల వైపు నాయకుడు ఒక రిటైరైన బడిపంతులు. మా వైపు పంతుల్ని అయివారు అంటాం. ఈయన్ని ఊరంతా అలాగే పిలిచేది. చర్చిలో పాట ఎత్తేది ఆయనే. పుస్తకంలో పాట పైన రాగం పేరు మాత్రం రాసి ఉంటుంది, ఎలా పాడాలో ఉండదు. అది ఆయన గొంతులో ఉండేది. ఎదురువైపు నాయకురాలు ఎవరంటే, ఆ అయివారి మనవరాలే. కొడుకు కూతురు, అదే ఇంట్లో ఉంటుంది. రేణిగుంట పక్కన ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని. మెళ్లో కంపెనీ కార్డు వేలాడేసుకుని బస్సు దిగి, నేరుగా చర్చికొచ్చి కీబోర్డు ముందు కూర్చునేది. తాతా మనవరాలూ ఒకే వంటింట్లో తింటూ, రెండేళ్లుగా అవసరమైన మాట తప్ప మాట్లాడుకోలేదు.

మా పాస్టరుగారు ఎవరి వైపూ నిలబడే మనిషి కాదు. పెద్దలు వచ్చి చెబితే పెద్దల మాట నిజం. యువకులు వచ్చి చెబితే యువకుల మాట నిజం. ఇంట్లో ఆయన భార్య చెప్పేది మాత్రం రెండింటికంటే నిజం. సంఘం చీలిపోతే పైవాళ్లకు ఏమని చెప్పాలా అని భయపడి, ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాల్లో ప్రతి శనివారం సాయంత్రం ఒక్కొక్క ఇంట్లో పెద్దలూ పిల్లలూ కలిసి ప్రార్థన చేసుకోవాలని ఒక ఉపాయం కనిపెట్టారు. దానికి సమాధాన కూడిక అని పేరు పెట్టి నా చేతిలో పెట్టి, తాను ప్రసంగాలు తయారుచేసుకోవాలని తప్పుకున్నారు.

మొదటి శనివారం బాగా గుర్తుంది. చాపల మీద ఒకవైపు పెద్దలు, ఒకవైపు పిల్లలు. ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని గ్రాంథికంలో మొదలుపెట్టాడు. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంట్లు తొడిగి నీ సన్నిధికి వచ్చు ఈ బిడ్డలకు మంచి వస్త్రములు దయచేయుము అన్నాడు. పెద్దల వైపు నుంచి పెద్ద ఆమేన్ వచ్చింది. వెంటనే ఎదురువైపు ఒక కుర్రాడు, తండ్రీ, ప్రసంగము ఆరంభం కాగానే నిద్రించు నీ వృద్ధ సేవకులను మేలుకొలుపుము అన్నాడు. ఈసారి ఆమేన్ అటు నుంచి. ఒక ముసలామె, రాత్రింబగళ్లు ఫోనుకు తలవంచి నీకు తలవంచని తరమును క్షమించమని కన్నీళ్లతో అడిగింది. ఇంకో అమ్మాయి, పెద్దరికమును బట్టి అతిశయించువారి హృదయములను మెత్తపరచమంది. ఒక్కరు కూడా ఎదుటివాళ్ల పేరెత్తలేదు, ఒక్కరు కూడా కళ్లు తెరవలేదు. నేను కూర్చుని ఎవరి ఆమేన్ ఎంత గట్టిగా వస్తోందో వింటూ ఉన్నాను.

రెండు గంటల తర్వాత అందరూ ఉడికిన శనగలు తిని, నవ్వుముఖాలతో ఇళ్లకు పోయారు. అందరూ ప్రార్థనలో పాల్గొన్నారని పాస్టరుగారికి చెప్పాను. అబద్ధం కాదు కదా. ఆయన డైరీలో సంఘంలో కొత్త ఉజ్జీవం అని రాసుకున్నారు. ఇలా నాలుగు శనివారాలు జరిగింది.

నాలుగో వారం తర్వాత ఒక మంగళవారం అయివారి ఇంటికి వెళ్లాను. కోడలు కాఫీ ఇచ్చి పెరట్లోకి పోయింది. ఆయన ఒళ్లో పేపరు పరిచి ఉంది. నేనొచ్చి అరగంటైనా అదే పేజీ. కాఫీ కోసం చెయ్యి చాచి గ్లాసు పక్కన స్టూలును తడిమారు. నేను గ్లాసు చేతికి అందించాను. తర్వాత ఆయనే చెప్పారు. పెన్షను పనుందని ఇంట్లో చెప్పి, ఒంటరిగా బస్సెక్కి తిరుపతిలో కంటి డాక్టరు దగ్గరికి పోయి వచ్చారట. కంటి నరం ఎండిపోతోంది, పోయిన చూపు రాదు, ఉన్నది కొన్నాళ్లు నిలవడానికి చుక్కలు వేసుకోమన్నారట. చర్చిలో పుస్తకం తెరిచి పట్టుకోవడం ఊరికే. పాటలన్నీ నోటికే.

"ఆ తెర మింద ఏముండాదో నాకు కనపడదు," అన్నారు. "అందురూ పాడతా ఉంటే నేను నోరు మూసుకోని నిలబడల్ల. ఆ పొద్దే తెలిసిపోతాది అందురికీ. పాట ఇడిపిస్తారు నాతో."

రెండేళ్లుగా దేవుని సన్నిధి, పరిశుద్ధత, పితరుల మార్గం అంటూ ఆయన చేసిన వాదం వెనక ఉన్నది ఇదీ. నాకు నవ్వు రాలేదు. ఆ పాట తప్ప ఆయనకు మిగిలింది ఏమీ లేదని తెలిసింది. ఎవరికీ చెప్పొద్దు, ముఖ్యంగా పాపకు, తన మనవరాలికి, తెలియకూడదు అన్నారు. చెప్పనని మాటిచ్చాను. ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చాను.

నాలుగు రోజులు ఆగగలిగాను. అయిదో రోజు శనివారం.

ఆ సాయంత్రం మనవరాలు చేసిన ప్రార్థన చిన్నదే. మార్పు అంటే భయపడేవాళ్ల భయం తీసెయ్యి ప్రభువా అంది. అయివారు దానికి జవాబుగా చాలాసేపు చేశారు. నా యింటనే పుట్టి, నా చేతి ముద్ద తిని, నీ ఆలయమును నాటకశాల చేయగోరు దానిని జ్ఞాపకము చేసికొనుము అన్నారు. ఆఖరి ప్రార్థన నేను చేయాలి. నాకు చక్కగా ప్రార్థన చేస్తానని పేరుంది, ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. ఈ పిల్లలకు ఆయన మీద జాలి కలిగితే గొడవ తీరుతుంది కదా అనిపించింది. అంటే, అలా అనిపించిందని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. నిజమేమిటంటే, ఇంకెవరికీ తెలియని సంగతి నాకు తెలుసు, అది కడుపులో నిలవలేదు.

ప్రభువా, కన్నుల వెలుగు సన్నగిల్లుచున్న నీ వృద్ధ సేవకుని మనోవేదనను, ఆ తెర మీది అక్షరములు కానరాని అతని బాధను ఈ బిడ్డలు గ్రహించునట్లు చేయుము అన్నాను. గొంతు కూడా వణికించాను.

ఆమేన్ రాలేదు. అటు నుంచీ రాలేదు, ఇటు నుంచీ రాలేదు. కళ్లు తెరిచి చూస్తే అందరూ కళ్లు తెరిచే ఉన్నారు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన ఒక్కరే ఇంకా కళ్లు మూసుకుని ఉన్నారు. తర్వాత నెమ్మదిగా లేచి, గోడ పట్టుకుని, ద్వారబంధం తడుముకుంటూ బయటికి నడిచారు. మనవరాలు పరుగెత్తి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. నా ముప్పై ఒక్క ఏళ్లలో అంత సిగ్గుపడ్డ క్షణం ఇంకోటి లేదు.

అయివారు చర్చికి రావడం మానేశారు. ఆ మరుసటి ఆదివారమే గోడ మీద అక్షరాలు వెలిగాయి. అడ్డుపడే మనిషి లేడు కదా. కొందరు కుర్రాళ్లు, పాపం కనపడకేనా ఇన్నాళ్లూ అని ఒక నవ్వు నవ్వారు. పెద్దలు కూడా తక్కువేం కాదు. ఇన్నాళ్లూ ఆయన వెనక నిలబడి కేకలేసినవాళ్లే, మాకు తెర మీద అభ్యంతరం ఎప్పుడూ లేదు, అయివారి మాట కాదనలేక ఊరుకున్నాం అనడం మొదలుపెట్టారు. కానీ కీబోర్డు ముందు కుర్చీ ఖాళీ. మనవరాలు కూడా రాలేదు.

ఆ పిల్లను కంపెనీ బస్సు ఆగేచోట పట్టుకున్నాను. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. నేను నిలబడే ఉంటే చివరికి ఇటు తిరిగింది.

"ఒకే ఇంట్లో ఉండాం ఆంటీ. నాకు చెప్పలా ఆయన. నేను చూడలా. ఊరందరి మధ్యలో, అదీ ప్రార్థనలో తెలిసింది నాకు," అంది. "ఇంక ఈ చర్చీ వద్దు, తిరుపతీ వద్దు. యాడికీ రాను."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. యువకులు వేరే చర్చికి పోకుండా ఆపమని నన్ను పెడితే, నేను ఒక పిల్లను ఏ చర్చికీ పోకుండా చేశాను. పాటెత్తే పెద్దమనిషిని ఇంట్లో కూర్చోబెట్టాను. ఈస్టరుకు ఇంకా రెండు వారాలు ఉంది.

మాకు ఈస్టరు కంటే ముందు శుభ శుక్రవారం వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మా సంఘంలో ఈ మాటలు పొలాల్లాంటివి. ఎవరి మాట వాళ్లది, తండ్రి తర్వాత కొడుకుది. మూడో మాట అయివారిది. ప్రభువు తన తల్లిని శిష్యుడికీ, శిష్యుణ్ణి తల్లికీ అప్పగించిన మాట అది. దాని మీద ఆయన ఏటా నలభై నిమిషాలకు తగ్గకుండా చెప్పేవారు. పిల్లలు పెద్దల్ని ఎలా చూసుకోవాలో వివరంగా ఉండేది. పెద్దలు పిల్లల్ని ఎలా చూసుకోవాలన్నది కూడా ఆ మాటలో సగం ఉంది కానీ, దాన్లోకి వచ్చేసరికి ఏ సంవత్సరమూ టైము చాలేది కాదు. ఆ ఏడు ఆయన, మూడో మాట ఎవరికైనా ఇచ్చుకోండి అని పాస్టరుగారికి కబురు పంపారు. పాస్టరుగారు దాన్ని తానే తీసుకుని, బాధపడుతున్నట్టు కనిపించారు.

నేను అయివారి ఇంటికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నిద్రపోతున్నారని కోడలు చెప్పింది. లోపలి నుంచి దగ్గు వినిపించింది. రెండోసారి అరుగు మీద కూర్చోనిచ్చారు, కాఫీ రాలేదు. మా ఇళ్లలో కాఫీ రాలేదంటే దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. మూడోసారి, శుక్రవారానికి మూడు రోజుల ముందు, లోపలికి రమ్మన్నారు. కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, అలవాటు కొద్దీ ప్రార్థన చేసుకుందామా అయివారూ అన్నాను.

"నువ్వు ప్రార్థన సెయ్యొద్దు. ఊరికే కూసో," అన్నారు.

ఊరికే కూర్చోవడం నాకు రాదు. వంట మనిషిని పొయ్యి దగ్గరికి రావద్దంటే ఎలా ఉంటుందో నాకు అలా ఉంది. కానీ కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా వస్తున్న ఇల్లు, ఆ రోజు మొదటిసారి కళ్లు తెరుచుకుని చూశాను. మంచం నుంచి వాకిలి దాకా గోడ మీద ఒకే ఎత్తులో నల్లగా మాసిన చార. చెయ్యి ఆనించుకుని నడిచిన చార అది. ఎన్ని నెలల నుంచి ఉందో. ఆ గోడకు ఎదురుగా కూర్చుని ఎన్నిసార్లు నేను ఈ ఇంటి మీద ఆశీర్వాదాలు కుమ్మరించానో లెక్కలేదు.

మనవరాలు పని నుంచి వచ్చింది. నన్ను చూసి పలకరించలేదు. చెయ్యి కడుక్కుని, అలమరలోంచి చుక్కల సీసా తీసి, ఆయన గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. ఆయన కాదనలేదు. చుక్కలు పడ్డాక కళ్లు మూసుకుని వెనక్కి వాలారు. కళ్లు తెరవకుండానే, ఆ తెర మీద పాటలు ఎవరు ఎక్కించారని అడిగారు. చర్చికి రావడం మానకముందు నేనే ఎక్కించిపెట్టినాను అంది. మరి పాత పాటలు ఎందుకు ఎక్కించలేదని అడిగారు. రాగం తెలీదు, పేరు చూసి ఎట్ల పాడేది అంది. ఆయన మూతి ముడిచి, ఏదో పాటను పల్లవి దాకా కూనిరాగం తీసి ఆపేశారు. ఆ పిల్ల అక్కడే నేల మీద కూర్చుంది. మళ్లీ తీయమంది.

నాకు అక్కడ ఒక ప్రార్థన చేసి ఆ క్షణాన్ని ముగించాలని ఎంత కోరిక పుట్టిందో చెప్పలేను. చెయ్యి దానంతట అదే లేచింది. రెండో చేత్తో పట్టుకుని కిందికి దించుకున్నాను. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది, క్షమాపణ అడగనేలేదని. మూడుసార్లు అందుకే వెళ్లాను, అది తప్ప అన్నీ చేసి వచ్చాను.

శుక్రవారం ఎండ మండిపోతోంది. ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. ఆడవాళ్లు తడిపిన చేతిరుమాళ్లు మెడకు అద్దుకుంటూ కూర్చున్నారు. మొదటి మాట చెప్పినాయన టైము మించిపోయాడు. రెండో మాట చెప్పినాయన అది చూసి తనూ మించిపోయాడు. మూడో మాటకు పాస్టరుగారు కాగితాలు సర్దుకుని లేవబోతుండగా పక్క తలుపులోంచి అయివారు లోపలికి వచ్చారు. మనవరాలి భుజం మీద చెయ్యి వేసుకుని, మెల్లగా నడిచి, ప్రసంగ వేదిక ఎక్కారు. పాస్టరుగారు లేచింది లేచినట్టే కూర్చున్నారు.

వాక్యభాగం ఆ పిల్ల చదివింది. ఫోన్లో చూసే చదివింది. ముందు బెంచీల్లో ఒక్కరూ గొణగలేదు. తర్వాత అయివారు గొంతు ఎత్తారు. ఏటా గ్రాంథికంలో దంచే మనిషి ఆ రోజు ఇంటి భాషలో మాట్లాడారు.

"ఎప్పుడూ నలభై నిమిషాలు సెప్పేవాణ్ణి. ఈ పొద్దు రెండు మాట్లే," అన్నారు. "ప్రభువు ఆ ఇద్దర్నీ ఒకర్నొకరు సూసుకోమని అప్పగించినాడు. ఒకరి మింద ఒకరు నాకు మొర పెట్టుకోండి అని సెప్పలేదు. నేను ఈ పాపను రెండేండ్లుగా సూడలా. కండ్లు బాగుండిన దినాల్లో కూడా సూడలా. పక్క గదిలో ఉండే బిడ్డ మింద మొర పెట్టేదానికి ఆకాశం దాకా పొయ్యొచ్చినాను."

మనవరాలు ఎటు నిలబడి ఉందో ఇందాక చదివిన గొంతు బట్టి అంచనా వేసుకుని అటు తిరిగారు. నీకు నా మీద ఏముందో అడుగుతున్నాను, ఇక్కడే చెప్పు అన్నారు. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాతో చెప్పాల్సింది నాతోనే చెప్పు తాతా," అంది. "దేవునికి చెప్పి నాకు వినిపించద్దు. నేనూ అట్లే చేసినాను. నేనూ మానేస్తాను."

ఆయన సరే అన్నారు. అంతే. కౌగిలింతలూ అవీ ఏం జరగలేదు. మా చిత్తూరు జిల్లా మనుషులకు అవి రావు. కానీ ముప్పై ఒక్క ఏళ్లుగా నేను విన్న ప్రసంగాలన్నీ కలిపినా ఆ ఒక్క సరే ముందు దిగదుడుపే.

పాస్టరుగారికి నిశ్శబ్దం అంటే భయం. వెంటనే లేచి, ఇప్పుడు మన బైబిలమ్మగారు ప్రార్థన చేస్తారు అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. మొదటి వాక్యం నాలుక మీదికి వచ్చేసింది, చక్కటి గ్రాంథికంలో. దాన్ని మింగి, అందరూ కళ్లు తెరవండి అన్నాను.

"అయివారూ, మీరు నన్ను నమ్మి చెప్పిన మాటను బయట పెట్టింది నేను. ప్రార్థన అని పేరు పెట్టి బయట పెట్టినాను. తప్పు నాది. క్షమించండి."

ఆయన తల నా వైపు తిప్పారు.

"ఆ మాట కోసరం మూడుతూర్లు వొస్తివి," అన్నారు. "మూడుతూర్లూ ఇంటికి పొయ్యినాకనే గుర్తొచ్చిందా?"

వెనక వరసల్లో ఎవరో ఫక్కున నవ్వారు. ముందు వరసల్లో కూడా నవ్వారు. రెండేళ్లలో రెండు వైపులా ఒకేసారి నవ్వింది అప్పుడే.

"కూసో," అన్నారు అయివారు. "నాలుగో మాటకు టైమయింది."

తర్వాత అందరూ ప్రేమగా కలిసిపోయారని రాస్తే మీరు నమ్ముతారు, మేం మాత్రం నవ్వుకుంటాం. యువకుల్లో కొందరు తిరుపతికి వెళ్లిపోయారు. ఏసీని జయించడం అంత తేలిక కాదు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు వేసవి అయిపోయాక తిరిగి వచ్చారు. మనవరాలు సాయంత్రాలు తాత దగ్గర కూర్చుని రాగాలు నేర్చుకుంటోంది, ఫోన్లో రికార్డు చేసుకుంటోంది. పాత పాటలన్నీ తెర మీదికి ఎక్కాయి. అక్షరాలు పెద్దగా ఉండడంతో పెద్దలకు తెగ నచ్చింది. ఇప్పుడు వాళ్లను అడిగితే ఆ తెర తెప్పించింది తామేనంటారు. ఆ ఏడాది నివేదికలో పాస్టరుగారు, సమాధాన కూడికల ద్వారా తరాల మధ్య సఖ్యత నెలకొన్నది అని రాశారు. అది కూడా అబద్ధం కాదు, ఎలా నెలకొన్నదో రాయలేదు అంతే.

శనివారం కూడిక ఇప్పటికీ జరుగుతోంది. అయివారి ఇంట్లోనే. దానికి ఆ తాతా మనవరాలే ఒక పద్ధతి పెట్టారు. ఎవరి గురించి వాళ్లే ప్రార్థన చేసుకోవాలి. ఎదుటి మనిషి మీద ఏమైనా ఉంటే, ముందు ఆ మనిషితో చెప్పి రావాలి. కళ్లు తెరుచుకునే చేయాలి. రెండు గంటలు పట్టే కూడిక ఇరవై నిమిషాల్లో అయిపోతోంది. తమ గురించి మాత్రమే అడగమంటే ఎవరి దగ్గరా ఎక్కువ సరుకు లేదు. మిగిలిన టైమంతా ఒకరి ముఖం ఒకరు చూస్తూ గట్టిగా వాదించుకుంటారు. ఆ చప్పుడు వింటే నాకు హాయిగా ఉంటుంది.

సేవలోకి కొత్తగా వచ్చిన ఆ అమ్మాయికి నేను చెప్పేది ఇంతే. నీకు ఎవరైనా ఒక ప్రార్థన మనవి చెబితే, ఆ మనిషితో ఈ మాట అన్నారా అని ముందు అడుగు. నీ పనిలో సగం అక్కడే తగ్గిపోతుంది. నా పని నిండా ఆ సగమే ఉండేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నాకు శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చి పంపి ఏడాది దాటింది. శనివారాలు మాత్రం మానలేదు. అయివారికి ఇప్పుడు కిటికీ వైపు వెలుగు తప్ప ఏమీ తెలియదు. పోయిన వారం అందరం చాపల మీద కూర్చున్నాక, ఎప్పటిలాగే ఆయన అడిగారు.

"అందురూ కండ్లు తెరిసే ఉండారా?"

మనవరాలు తల తిప్పి ఒక్కొక్కరినీ చూసింది.

"ఒకరు మూసుకోనుండారు తాతా."

"ఎవురు?"

"బైబిలాంటీ."

తెరిచాను.